రాతిపొరలకు ఊరిపేర్లు

తెలుగువారి ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లే. ఒక ఊరినుండి కదలి మరియొక ఊర కాపురము పెట్టిన కుటుంబమును క్రొత్త ఊరివారు పాత ఊరి పేరుతో పిలిచిరి. ఆ పిలుపే తరువాతి తరములకు ఇంటిపేరై నిలిచినది. అయితే ఇంటిపేరు ఒకటైనంత మాత్రమున గోత్రము ఒకటి కానక్కరలేదని పెండ్లి సంబంధములు విచారించు పెద్దలకు బాగుగా తెలియును. అందుచేతనే వారు ఇంటిపేరు వినియు తృప్తిపడక గోత్రమును వేరుగా అడుగుదురు. భూగర్భశాస్త్రమునందును రాతిపొరలకు ఊరిపేర్లు పెట్టు ఆచారమున్నది. ఏ ఊరి పొలిమేరలో పొర చక్కగా కనబడునో ఆ ఊరి పేరు దానికి వచ్చును. ఇది ఇంటిపేరు. ఆ పొర ఏ యుగమునకు చెందినదన్న ప్రశ్న గోత్రమును గూర్చిన ప్రశ్న. ఈ రెంటిని కలిపివేయుటవలన నూరేండ్లకు పైగా ఎంత చిక్కు కలిగినదో తెలిసికొనుటకు తెలుగు విద్యార్థి దూరదేశములకు పోనక్కరలేదు. ప్రాణహిత గోదావరిలో కలియు చోట, కాళేశ్వరమునకు ఎగువను దిగువను, ఆ కథ అంతయు నేలమీదనే పరచియున్నది.

తరగతులలో గోండ్వానా శిలలను బోధించు తీరు అందరెరిగినదే. తాల్చేరు, బరాకర్, బారెన్ మెజర్స్, కామఠీ, మలేరి, కోట, చికియాల అను పేర్లు క్రిందినుండి పైకి నల్లబల్లమీద ఒక నిచ్చెనవలె వ్రాయబడును. ప్రక్కన మరియొక నిచ్చెన: పెర్మియన్, ట్రయాసిక్, జురాసిక్, క్రిటేషియస్. ఈ మెట్టు ఆ మెట్టుతో సరిపోవునని అడ్డగీతలు గీయబడును. విద్యార్థి ఎక్కములవలె వల్లించి, పరీక్షలో ఒప్పగించి, మరునాడు మరచిపోవును. తప్పు విద్యార్థిది కాదు. ఆ అడ్డగీతలే అసలు శాస్త్రము. వాటిని ఎవరు గీసిరి, దేనిని చూచి గీసిరి, ఎన్నిసార్లు చెరిపి తిరిగి గీసిరి అన్నది చెప్పక గీతను మాత్రము చూపినచో మిగులునది వల్లెవేతయే.

ఈ లోయ నదులు త్రవ్వినది కాదు. భూమి పైపెంకు సాగి, పగిలి, రెండు అంచుల నడుమ నేల క్రుంగగా ఏర్పడిన పగులులోయ ఇది. వాయవ్యమున మహారాష్ట్రమునుండి ఆగ్నేయమున ఏలూరు ప్రాంతమువరకు వందల కిలోమీటర్ల పొడవున సాగి, అచ్చట తీరమైదానపు ఒండ్రుక్రింద దాగును. ఇరుప్రక్కల అతిప్రాచీనములైన గ్రానైటు, నైసు శిలలు. వాని అంచున పాఖాల, సుల్లవాయి శ్రేణుల పాత అవక్షేపములు. నడుమ గోండ్వానా పొరలు. నేల క్రుంగుచుండగా నదులు ఇసుకను మట్టిని తెచ్చి ఆ పల్లమును నింపుచు వచ్చినవి. క్రుంగుట, నింపుట అను ఈ రెండు పనులును పదిహేను కోట్ల సంవత్సరములకు పైగా ఆగియు సాగియు జరిగినవి. అట్లు పేరుకొనిన దళసరి సుమారు 3 కిలోమీటర్లు. అట్టడుగున నున్న తాల్చేరు పొరలో మంచునదులు మోసికొనివచ్చిన బండరాళ్లున్నవి. ఒడిశాలోని తాల్చేరు వద్ద ఇట్టి రాళ్లను చూచి, ఇది మంచు చేసిన పనియని బ్లాన్‌ఫర్డ్ సోదరులును థియోబాల్డును 1856లో వ్రాసిరి. వేసవిలో రామగుండము ఎండ నెరిగినవారికి ఆ మాట నేటికిని నమ్మశక్యముగ తోచదు.

పగులులోయ సరిసమానముగ క్రుంగదు. ఒక అంచు హెచ్చుగను ఒక అంచు తక్కువగను దిగును. ఇచ్చట పొరలు చాలవరకు ఈశాన్యమునకు వాలియున్నవి. కనుక మంచిర్యాల వైపునుండి ప్రాణహిత వైపునకు నడచువాడు నేలమీదనే నడచుచున్నను నిజమునకు కాలములో పైకెక్కుచుండును. బొగ్గుతో కూడిన ఇసుకరాయి మొదట. అది దాటిన కామఠీ. అది దాటిన ఎఱ్ఱమట్టి పొరలు. నది చేరువలో కోట సున్నపురాయి. చదువుటకు ఇంత సులువైన పుస్తకము మరియొకటి లేదనిపించును. కాని పుటలు చిరిగియున్నవి. పొరలను తెగగొట్టిన భ్రంశములు ఒకే పుటను రెండుమార్లు చూపును. మరియొకచోట పది పుటలను మాయము చేయును. పైన అడవి, నల్లరేగడి, ఒండ్రు కప్పియుండును. రాయి కంటబడునది వాగుల గట్లలోను, వానకు కోతపడిన ఎఱ్ఱనేలలలోను, అక్కడక్కడ నిలిచిన ఇసుకరాతి గుట్టలలోను మాత్రమే. ఈ నాలుగు తావుల చూచినదానినిబట్టి మిగిలిన నలువది తావుల సంగతి ఊహింపవలెను.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఒక ఏటి వరదను తలచుకొనినచో అది బోధపడును. కొండ అంచున ఆ వరద గులకరాళ్లను వదలును. నడిమి పాయలో ఇసుకను. గట్టు పొరలి పొలములమీద పారినచోట మెత్తని ఒండ్రును. చెరువు చేరినచోట సన్నని బురదను. నాలుగును ఒకే వరదవే, ఒకే దినమునవే. కోట్ల యేండ్ల తరువాత వచ్చిన పరిశీలకునికి అవి నాలుగు వేరువేరు రాళ్లు. మారుగా, నది తన పాయను కొంచెము కొంచెముగ ప్రక్కకు జరుపుకొనుచు పోవునప్పుడు ఇక్కడి ఇసుకకును అక్కడి ఇసుకకును ఎంతయో కాలభేదమున్నను అంతయు కలిసి ఒకే అఖండమైన ఇసుకరాతి పలకగా కనబడును. మొదటి సందర్భమున కాలము ఒకటి, రాళ్లు పలు; రెండవ సందర్భమున రాయి ఒకటి, కాలములు పలు. పగులులోయలో ఈ రెండును ప్రతి మైలునకు ఎదురగును. అందుచేత "ఇక్కడ ఎఱ్ఱమట్టి, అక్కడ ఎఱ్ఱమట్టి, కావున రెండును ఒకటే" అను తర్కము, "ఆయనదియు ఇదే ఇంటిపేరు, కావున దాయాది" అను తర్కమువంటిది.

క్రింది పొర ముందుది, పై పొర తరువాతిది అను సూత్రమును స్టెనో 1669లోనే చెప్పెను. ఏ పొరకు ఆ పొర తనదైన శిలాజములు కలిగియుండుననియు, వానినిబట్టి దూరపు పొరలను పోల్చవచ్చుననియు ఇంగ్లండులో కాలువల పని చేయించుచు తిరిగిన విలియం స్మిత్ కనుగొని, 1815లో ఆ దేశపు రాతిపటమును అచ్చువేయించెను. కాని స్మిత్ చూచినవి చాలవరకు సముద్రపు పొరలు. సముద్రజీవులు నీటివెంట దేశదేశములకు వ్యాపించును; వాని గుల్లలు ఎల్లెడల దొరకును. ప్రపంచమందంతట యుగవిభాగమునకు ఆధారమైనవి ఆ గుల్లలే. ప్రాణహిత–గోదావరి లోయ పొరలలో అట్టి గుల్లలు లేవు. ఉన్నవి మంచినీటి చేపలు, నేలమీది బల్లిజాతి జంతువులు, ఆకులు, పుప్పొడి రేణువులు. కాలమును నేరుగ లెక్కించుటకు అగ్నిపర్వతముల బూడిదపొరలు సహాయపడును. వరుసగ అట్టివియు ఇచ్చట దొరకవు. అనగా ఈ లోయకు గోత్రము చెప్పుటకు వేరు సాక్షులను వెదకుకొనవలసివచ్చినది.

సాక్షులలో మొదటివారు చేపలు. ప్రాణహిత ఎడమగట్టున, సిరొంచ సమీపమున, కోట అను గ్రామమున్నది. ఇప్పుడది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోనిది. అచ్చటి సున్నపురాతి పలకలలో మెఱుగు పొలుసుల చేపల శిలాజములు 19వ శతాబ్దపు నడుమనే దొరకినవి. ఐరోపాలోని లయాస్ పొరల చేపలతో వానికి పోలిక కనబడుటచే కోట పొర జురాసిక్ తొలికాలపుదని తలచిరి. నాగపురమున మతబోధకుడుగ పనిచేయుచు శిలాజములకై పల్లెపల్లెకు తిరిగిన స్టీఫెన్ హిస్లాప్, ఈవలి గట్టున ఆసిఫాబాదు ప్రాంతములోని మలేరి గ్రామపు ఎఱ్ఱమట్టినుండి వేరొకరకపు శిలాజములను పంపెను. అవి సెరటోడస్ అను ఊపిరితిత్తుల చేప పండ్లు. ట్రయాసిక్ కాలపు పొరలలో పేరుపడిన చేప అది. హిస్లాప్ 1863లో రాత్రివేళ పొంగిన వాగు దాటబోయి మునిగి మరణించెను. తరువాత భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ ఈ లోయనంతను పరిశీలించి, 1881లో వెలువడిన గ్రంథమున ఈ రెంటిని "కోట–మలేరి" యని కలిపి ఒకే వర్గముగ చూపెను.

ఇంత పెద్ద లోయను, అంత అడవిలో, పటములు సరిగా లేని దినములలో ఒక్కడు వర్గీకరించుట సామాన్యమైన పని కాదు. కింగ్ చేసిన విభాగములలో పెక్కు నేటికిని నిలిచియున్నవి. అయినను ఆ రెండు ఊళ్ల నడుమ నున్న అడ్డగీతను గూర్చి ఉపాధ్యాయులు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. ఒక పేరులో రెండు గోత్రములు చేరినవి. కోట చేపలు జురాసిక్ అనినవి, మలేరి జంతువులు ట్రయాసిక్ అనినవి. పేరు ఒకటి కనుక కాలమును ఒకటిగనే చేయవలెనని తలచినవారు కొందరు చేపల మాటను, కొందరు బల్లుల మాటను త్రోసిపుచ్చిరి. సాక్షులు ఇద్దరును నిజమే చెప్పుచున్నారేమో, పేరే అబద్ధమేమో యని సందేహించుటకు చాలకాలము పట్టెను.

ఈ తికమక ఈ దేశమునకే పరిమితమైనది కాదు. స్కాట్లండు ఉత్తరభాగమున ఎల్గిన్ పట్టణ పరిసరములలో ఇసుకరాయి గనులున్నవి. చూపునకు ఆ రాయి అక్కడనే ఉన్న పాత ఎఱ్ఱ ఇసుకరాతి వంటిదే. దానితో కలిసియే కనబడును. మర్చిసన్ వంటి పెద్దలు రెంటిని ఒకటిగ భావించి డెవోనియన్ కాలపుదనిరి. ఆ గనులలో దొరకిన శిలాజము చేప కాదు, బల్లిజాతి జంతువని హక్స్లీ 1858–59లో నిరూపించెను. చేపలు మాత్రమే ఉండవలసిన కాలమున అంత ఎదిగిన బల్లిజాతి ఎట్లు వచ్చెను? కొన్నియేండ్ల వివాదము తరువాత రాయియే ట్రయాసిక్ కాలపుదని ఒప్పుకొనవలసివచ్చెను. అచ్చటనే దొరకిన మరియొక జంతువునకు హక్స్లీ హైపరోడపెడన్ అని పేరు పెట్టెను. చిలుకముక్కువంటి ముక్కు, అంగిట వరుసలు తీరిన పండ్లు దాని గుర్తులు. ఆ పండ్ల వరుసలే మలేరి మట్టిలోను బయటపడినవి. ఎల్గిన్ రాయికిని మలేరి మట్టికిని రంగులో గాని గట్టిదనములో గాని పోలిక లేదు. రెంటికి నడుమ వేల మైళ్ల దూరము. గోత్రము మాత్రము ఒకటే. ఒకే రకముగ కనబడు రెండు రాళ్లు వేరుకాలములవి కావచ్చును, వేరుగ కనబడు రెండు రాళ్లు ఒకే కాలమువి కావచ్చును అను సత్యమునకు ఇంతకంటె చక్కని జంట ఉదాహరణ తరగతిలో చెప్పుటకు దొరకదు.

మలేరి చిక్కు విడిపోవుటకు 20వ శతాబ్దపు ఉత్తరార్ధము రావలసివచ్చెను. విడదీసినది గనుల శాఖ కాదు, సంఖ్యాశాస్త్ర సంస్థ! కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థను నడపిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానముపై లండన్ విశ్వవిద్యాలయపు పామెలా రాబిన్సన్ 1957లో వచ్చి, యువశాస్త్రజ్ఞులతో ఈ లోయలో పని ప్రారంభించెను. వారు పొరల నడుమ గీత గీయుటకు తొందరపడలేదు. ప్రతి ఎముకను అది ఏ గుట్ట ప్రక్క, ఏ పొరలో, ఎంత ఎత్తున దొరకెనో గుర్తించి పటమునకెక్కించిరి. అప్పుడు తెలిసినది, ఒకటనుకొనిన ఎఱ్ఱమట్టి ఒకటి కాదని. భీమారము ఇసుకరాతి గుట్టలు నడుమ అడ్డుగోడవలె నిలిచి, క్రింది ఎఱ్ఱమట్టిని పై ఎఱ్ఱమట్టినుండి వేరుచేయుచున్నవి. క్రింది దానికి ఎఱ్ఱపల్లి యని పేరు. అందులో దొరకినది కోరలుగల ఆకుమేపరి జంతువు. భూగర్భ శాస్త్రజ్ఞుడు వాడియా పేర దానిని వాడియాసారస్ అనిరి. ఆ జంతుసమూహము ట్రయాసిక్ నడిమి కాలపుది. పైనున్న మలేరిలోని హైపరోడపెడన్, పరాసూకస్ మొదలగునవి ట్రయాసిక్ కడపటి కాలపువి. రెండు మట్టులను చేతిలోనికి తీసికొనిచూచిన రైతునకు భేదము తెలియదు, శాస్త్రజ్ఞునికిని తెలియదు. ఎముకలు చెప్పిన తరువాతనే తెలిసెను.

అంతటితో ఆగలేదు. కుట్టి అను శాస్త్రజ్ఞుడు 1969లో మలేరికి పైన, కోటకు క్రింద మరియొక శ్రేణి ఉన్నదని చూపి దానికి ధర్మారము అని పేరు పెట్టెను. అందులోని జంతువులు మలేరివి కావు, కోటవియు కావు. కింగ్ రెండు ఊళ్ల నడుమ గీసిన చిన్న అడ్డగీత ఉన్నచోట, వందల అడుగుల దళసరిగల రాయి, లక్షలకొలది సంవత్సరముల కాలము దాగియున్నవన్నమాట.

కామఠీ సంగతి ఇంతకంటె విచిత్రమైనది. కామఠీ నాగపురమునకు దగ్గర పట్టణము. అచ్చటి ఇసుకరాతి పేరును ఈ లోయలోనికి తెచ్చిరి. రాయి పోలినంత దూరము పేరు సాగినది. సాగి సాగి పెర్మియన్ కాలపు పొరలును, ట్రయాసిక్ కాలపు పొరలును ఆ ఒక్క పేరుక్రిందనే చేరినవి. తరువాత దిగువ కామఠీ, నడిమి కామఠీ, ఎగువ కామఠీ అని భాగములు చేసికొనవలసివచ్చెను. ఉమ్మడి కుటుంబములో వాటాలు పడినట్లైనది. అందులో ఒక భాగమునుండి పెర్మియన్ కాలపు బల్లిజాతి జంతువులను కుట్టి 1972లో ప్రకటించెను. ఆ పొరను నేడు కుందారము శ్రేణి యని వేరుగ పిలుచుచున్నారు. అందులోని ఎండోథియోడాన్ అను జంతువు ఆఫ్రికా ఖండపు తూర్పు, దక్షిణ భాగములలోను దొరకుచున్నది. కామఠీ అను పేరు వినినవానికి నాగపురము జ్ఞాపకము రావచ్చును. ఆ ఎముకను చూచినవానికి మొజాంబిక్ జ్ఞాపకము వచ్చును.

దేశమంతటికిని ఒకే పేర్లుండుట మేలని వాదించువారు లేకపోలేదు. వారి వాదము కేవలము కొట్టివేయదగినది కాదు. రాణీగంజు గనులలో పనినేర్చిన ఇంజనీరు కొత్తగూడెమునకు వచ్చినప్పుడు "బరాకర్" అన్న ఒక్క మాటతో బొగ్గు ఎక్కడ వెదకవలెనో గ్రహించును. ప్రతి గ్రామమునకును ఒక శ్రేణి ఏర్పడినచో విద్యార్థికి మోపెడు పేర్లు మిగులును; ఒకే గుట్టకు ఇద్దరు పరిశోధకులు రెండు పేర్లు పెట్టిన సందర్భములును ఉన్నవి. అది మరియొక రోగము. అయినను ఈ రెండు రోగములలో తెచ్చిపెట్టుకొనిన పేరు వలని రోగమే ప్రమాదకరమైనది. క్రొత్త పేరు ఎక్కువైనచో భారమగును, అంతే. దూరపు పేరు మాత్రము తనతోపాటు దూరపు కాలమును మోసికొనివచ్చి, పరీక్షింపబడకనే ఇచ్చట దింపును. "బారెన్ మెజర్స్" అను పేరు మరియొక వింత. బొగ్గు లేదన్నదే దాని గుర్తు. దానికి ఊరును లేదు, కాలమును లేదు. రాతి విభాగములు వేరు, కాల విభాగములు వేరు, రెంటికి పేర్లును వేరుగ ఉండవలెనని 1971లో భారత స్తరనామ నియమావళియు, 1976లో అంతర్జాతీయ మార్గదర్శకమును స్పష్టముగ చెప్పినవి. పాఠ్యపుస్తకముల అడ్డగీతలకు ఆ వార్త ఇంకను చేరవలసియున్నది.

ఇదంతయు ఎముకలు ఏరుకొనువారి తగవు, లోకమునకు దీనితో పనియేమి అని అడుగువారు సింగరేణి గనులకు పోయి చూడవలెను. ఇల్లెందు సమీపమున బొగ్గును 1871లో కనుగొన్నవాడు ఆ విలియం కింగే. అచ్చటి ముఖ్యమైన బొగ్గుపొరకు కింగ్ సీమ్ అని పేరు. రాజు పేరనుకొందురు గాని అది ఈ భూగర్భ శాస్త్రజ్ఞుని పేరు. ఒక గనిలో పొరలకు పేర్లు, మరియొక గనిలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఈ గనిలోని మూడవ పొర ఆ గనిలోని మూడవ పొరయేనా? నడుమ భ్రంశమున్నది, ఒక ప్రక్క నేల వందల అడుగులు దిగినది. పైగా నేల ఒకచోట వేగముగ క్రుంగినప్పుడు ఇసుక చొరబడి ఒకే బొగ్గుపొర రెండుగ చీలును. కొంతదూరము పోయిన పిమ్మట మరల కలియును. చీలినచోట నాలుగని లెక్కించినవాడు కలిసినచోట మూడే చూచి, ఒకటి పోయినదని వెదకును. రంధ్రము వేయించువాడు కామఠీ రాతిని బరాకర్ అనుకొనినచో బొగ్గు అందకముందే పని ఆపును. పాఖాల రాతిని గుర్తింపలేనివాడు బొగ్గు ఎన్నటికిని దొరకనిచోట లోతునకు పోవును. అందుచేత గనులవారు పొర పేరును నమ్మరు. పైకప్పు రాయి ఏది, పొరకును పొరకును నడుమ దూరమెంత, పొర మధ్య మట్టిపట్టీలు ఎన్ని, రంధ్రములోనికి దింపిన సాధనములు విద్యుత్తు నిరోధమును ఎట్లు చూపుచున్నవి, రాతిలోని పుప్పొడి ఏ మొక్కలది అని నాలుగైదు సాక్ష్యములను కూర్చి పొంతన చూతురు. పుప్పొడి పనిలో లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ చేసిన సేవ గొప్పది. ఒక్క సాక్ష్యముతో తీర్పు చెప్పని ఈ పద్ధతి తరగతిగదికి రాకపోవుట విచారకరము.

తూర్పుకొసను ఏలూరు ప్రాంతములో గొల్లపల్లి, రాఘవాపురము, తిరుపతి అను మూడు పొరలున్నవి. ఇచ్చట మాత్రము సముద్రము లోపలికి వచ్చినది. రాఘవాపురము పొరలో అమ్మోనైటు గుల్లలు దొరకినవి. క్రిటేషియస్ తొలికాలపువని నిర్ణయించుటకు చిక్కు లేకపోయెను. లోయ మిగిలిన భాగమునకు లేని అదృష్టమిది. చిక్కంతయు పేరుతో వచ్చినది: ఆ తిరుపతి శేషాచలము క్రింది తిరుపతి కాదు. చిత్తూరు సీమలో ఈ ఇసుకరాతికై వెదకిన విద్యార్థి ఉండకపోడు.

శిలాజముల సాక్ష్యమును కూడ గ్రుడ్డిగ నమ్మరాదని హెచ్చరించినవాడు హక్స్లీయే. రెండు దేశములలో ఒకే జీవులు ఒకే వరుసలో కనబడినంత మాత్రమున అవి ఒకే సమయమున బ్రదికినవని చెప్పరాదు, జీవులు ఒకచోటినుండి మరియొకచోటికి ప్రాకుటకు కాలము పట్టునుగదా అని 1862లో లండన్ భూగర్భ సంఘమున ఆయన ప్రసంగించెను. కోట శ్రేణి విషయమున ఆ హెచ్చరిక నేటికిని పనిచేయుచున్నది. చేపలనుబట్టి అది జురాసిక్ తొలికాలపుది. అదే శ్రేణిలో 1961లో త్రవ్వితీసిన పెద్ద డైనోసారునకు, అది రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరమగుటచే, తరువాత బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టిరి. బంగాళీలో "బొరో పా" అనగా పెద్ద కాలు. తొడయెముక ఒక్కటియే మనిషి ఎత్తునకు వచ్చును. యామన్‌పల్లి వద్ద దొరకిన మరియొక దానికి యాదగిరి 1988లో కోటాసారస్ అని పేరు పెట్టెను. ఈ డైనోసారులును తొలికాలమునకే ఓటువేయుచున్నవి. పుప్పొడిని, సూక్ష్మజీవులను చూచిన కొందరు మాత్రము శ్రేణిలో కొంత భాగము జురాసిక్ నడిమి కాలమునకు, అంతకు తరువాతికిని రావచ్చునని వాదించిరి. తగవు తీరలేదు. కాని ఈ తగవువలన కోట అను పేరునకు ఏ హానియు కలుగలేదు. రాయి అక్కడనే ఉన్నది, ఊరు అక్కడనే ఉన్నది; మారుచున్నది ప్రక్కన వ్రాసిన కాలము మాత్రమే. పేరును కాలమును విడదీసినందువలని లాభము ఇదే.

ఉపాధ్యాయులు చేయదగిన పని కష్టమైనది కాదు. నిచ్చెనను చెరిపివేయనక్కరలేదు. పేర్లను ఒక వరుసలో వ్రాసి, ప్రతి పేరు ప్రక్కన ఆ ఊరు ఎక్కడనున్నదో చూపి, కాలపు వరుసను పెన్సిలుతో వ్రాయించి, దాని ఎదుట సాక్షి ఎవరో వ్రాయింపవలెను: మలేరి ఎదుట హైపరోడపెడన్, కోట ఎదుట చేపలు, కుందారము ఎదుట ఎండోథియోడాన్. పరీక్షలో "మలేరి శ్రేణి కాలమేది?" అని కాక "మలేరి శ్రేణి కాలమును దేనినిబట్టి చెప్పుదురు?" అని అడుగవలెను. భీమారము, మంచిర్యాల, ఆసిఫాబాదు బడులలో ఈ ప్రశ్న అడుగునప్పుడు ఒక వసతి కూడ కలదు. పాఠము బడి గోడ అవతలనే ఉన్నది. వాగు గట్టున క్రింద ఏ రాయి, పైన ఏ రాయి అని పిల్లలచేత గీయించుటకు ఒక మధ్యాహ్నము చాలును. ఎముక కనబడినచో తీయక గుర్తుపెట్టి తెలియజేయవలెనని మాత్రము ముందే చెప్పవలెను. చోటునుండి కదలిన ఎముక పొరను గూర్చి ఏమియు చెప్పజాలదు.

ఆ బడులలో చదువు పిల్లలలో గోండులు పెక్కుమంది. గోండ్వానా అను మాటను మెడ్లికాట్ 1872లో ఈ పొరలకు వాడెను. ఫైస్ట్‌మాంటెల్ 1876లో దానిని అచ్చులోనికి తెచ్చెను. సూస్ 1885లో దక్షిణ ఖండములన్నియు కలిసియుండిన మహాభూభాగమునకు గోండ్వానాలాండ్ అని పేరు పెట్టెను. ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, బ్రెజిలులోను భూగర్భశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు నేడు ఆ పేరు వ్రాయుచున్నాడు. అది ఎవరి పేరో ఆసిఫాబాదు పాఠ్యపుస్తకము చెప్పదు. కోటాసారస్ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నిలిచియున్నది. యామన్‌పల్లి పిల్లలు దానిని చూడవలెనన్న పట్నము పోవలెను. అది పండుకొనియుండిన పొర మాత్రము వారి ఊరి ప్రక్కనే ఉన్నది.